‘ధర ఇన్‌బాక్స్‌లో చెబుతాను’ అనే పట్టుచీరల గ్రూపుతో జాగ్రత్త

ఒడిశాలో పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపూర్, రాయగడ, సరిహద్దుకు అవతల ఆంధ్రలో పాతపట్నం, మందస, ఇచ్ఛాపురం... ఈ ఊళ్ళ తెలుగువాళ్ళు వందల్లో ఉన్న ఒక వాట్సాప్ గ్రూపులో నేను బరంపురం పట్టుచీర కొన్నాను. వచ్చింది పట్టు కాదు. 7,800 రూపాయలు పోయాయి. గ్రూపు పేరు రాయడం లేదు. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి అని ఒక కారణం. పేరు మార్చుకుని రేపు పొద్దున్నకి ఇంకో గ్రూపు తెరుస్తారు కాబట్టి అని ఇంకో కారణం. గుర్తుపెట్టుకోవలసింది వాళ్ళ పద్ధతిని. ఆ పద్ధతిలో పెద్ద మోసగాడి తెలివి ఏమీ లేదు. మనం గ్రూపుల్లో రోజూ పాటించే మర్యాదలనే వాళ్ళు వాడుకున్నారు.

మాఘమాసంలో మా మేనకోడలి పెళ్ళి. మా అత్తగారి పుట్టిల్లు బరంపురం. పెళ్ళికూతురి ఒంటి మీద బరంపురం పట్టు లేకపోతే ఆవిడ లెక్కలో అది పెళ్ళే కాదు. అంచు పొడవునా గుడి శిఖరాల్లా పళ్ళు పళ్ళుగా లేచే కుంభాల వరుస ఉంటుంది కదా, ఆ ఫోడా కుంభా చీరకూ, మగవాళ్ళు కట్టే జోడుకూ కలిపి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. నేసేవాళ్ళు ఎక్కువమంది దేవాంగులు, తరాల కిందట అక్కడికి వెళ్ళి స్థిరపడిన తెలుగువాళ్ళు. బరంపురం ఠాకురాణి జాతరలో అమ్మవారు పుట్టింటికి రావడమంటే ఆ నేతవాళ్ళ పెద్ద దేశీ బెహరా ఇంటికి రావడమే. ఇవన్నీ మా అత్తగారు నాకు పెళ్ళయిన కొత్తలోనే చెప్పారు. అందుకే ‘మన వాళ్ళు నేసిన చీర, మగ్గం దగ్గరి నుంచి నేరుగా మీ ఇంటికి’ అని గ్రూపులో కనిపించగానే మనసు అటు పోయింది. బస్సెక్కి బరంపురం వెళ్ళి రావాలంటే నాకు ఒక రోజు సెలవు పోతుంది. సెలవు మిగుల్చుకున్నాను.

చీర ఫొటో కింద మొదటి ప్రశ్న ఎవరైనా అడిగేదే: ‘ధర ఎంత అండీ?’ జవాబు: ‘ఇన్‌బాక్స్ చూడండి అక్కయ్యా.’ రెండో ఆవిడా అదే అడిగింది, జవాబూ అదే. తర్వాత లెక్కపెడితే ఆ ఒక్క ఫొటో కింద ఇరవై ముగ్గురు ధర అడిగారు, ఇరవై ముగ్గురూ ఇన్‌బాక్స్‌కు వెళ్ళారు. పదిమందిలో ఒక్క అంకె రాయడానికి ఏమి అడ్డం? అడ్డం ఏమిటో ఆలస్యంగా తెలిసింది. నాకు 7,800 అన్న చీర కాశీనగర్‌లో ఒకావిడకు 6,500. కొడుకు సింగపూర్‌లో ఉన్నాడని ప్రొఫైల్ ఫొటో చూస్తేనే తెలిసే ఇంకొకావిడకు 9,200. చీరకు ధర లేదు, మన ఫొటోలకు ధర ఉంది.

ఇక వాయిస్ మెసేజీలు. ఇది మన సరిహద్దు వాళ్ళకు ప్రత్యేకమైన చిక్కు. మన పిల్లలు చాలామంది ఒడియా మాధ్యమంలో చదువుకున్నవాళ్ళు. ఇంట్లో తెలుగు గలగలా మాట్లాడతారు, రాయమంటే చెయ్యి ఆగిపోతుంది. మా మరిది తెలుగు మాటలను ఒడియా అక్షరాల్లో రాస్తాడు. ఆయన భార్య చదవలేక నాకు పంపుతుంది. కాబట్టి గ్రూపులో అందరూ మైకు బొమ్మ నొక్కి మాట్లాడతారు, అందులో తప్పు పట్టను. కానీ అమ్మేవాడు కూడా మాట్లాడే చెబుతాడు. రాతలో ఉన్నదాన్ని ఒక మాట కొట్టి వెతుక్కోవచ్చు, మాటలో ఉన్నదాన్ని మొదటి నుంచి చివరి దాకా వినాలి. ‘ఇది అసలు పట్టేనా?’ అని నేను అడిగిన ఒక్క ప్రశ్నకు నాలుగు నిమిషాల జవాబు వచ్చింది. అందులో మూడు నిమిషాలు మా అత్తగారి ఆరోగ్యం, పెళ్ళి ముహూర్తం, వానలు. చివర్లో ‘అక్కయ్యా, నేను చెప్పడం ఎందుకు, మీరు ముట్టుకుంటే మీకే తెలుస్తుంది.’

ఆ జవాబును ఆ తర్వాత పదకొండు సార్లు విన్నాను. ‘అవును, పట్టే’ అన్న మాట అందులో లేదు. వినే రోజున మాత్రం ఉన్నట్టే వినిపించింది.

అది నా దగ్గర మిగలడం కూడా అదృష్టమే. మా ఆడపడుచు వినాలని ఆ రోజే ఆమెకు పంపాను, అక్కడ నిలిచింది. నాకూ అమ్మేవాడికీ మధ్య సాగిన మాటల్లో ఇప్పుడు ఏమీ లేదు. మొదటి రోజే పైన చిన్న బూడిదరంగు అక్షరాల్లో ఒక వరుస వచ్చింది, మెసేజీలు 24 గంటల తర్వాత మాయమవుతాయని. ఆ అమరికలో 24 గంటలు, 7 రోజులు, 90 రోజులు అని మూడు గడువులు ఉంటాయి. అతను అన్నిటికన్నా చిన్నది పెట్టాడు. ఫోనులో చోటు నిండకుండా పెట్టుకున్నాడేమో అనుకున్నాను. అంచు దగ్గరి నుంచి చూపించమంటే ఫొటో పంపాడు, దాని పక్కన గుండ్రంలో ‘1’ అంకె. ఒకసారి తెరిస్తే పోతుంది. తెర ఫొటో తీయబోతే ఫోను ఒప్పుకోదు. చీర అంచులో దాచుకోవలసిన రహస్యం ఏముంటుందండీ? వస్తువు అమ్మేవాడు ఒకసారి మాత్రమే కనిపించే ఫొటో పంపాడంటే, ఆ ఫొటో మళ్ళీ మీ కంట పడకూడదని అతని కోరిక. నాకు అప్పుడు తట్టలేదు.

డబ్బు పంపేటప్పుడు ఫోను ఇంకొక మాట చెప్పింది. యూపీఐలో నంబరు కొట్టగానే బ్యాంకు ఖాతాలో ఉన్న పేరు తెర మీదికి వస్తుంది కదా. గ్రూపులో అతని పేరు ఒకటి, తెర మీద వచ్చింది వేరు. అడిగితే ‘మా బావమరిది ఖాతా అక్కయ్యా’ అన్నాడు. మగ్గం ఇంట్లోనే ఉందన్నవాడికి ఖాతా ఇంట్లో లేదా అని అడగాలనిపించింది. అడిగితే బాగుండదని ఊరుకున్నాను. ఈ ‘బాగుండదు’ అన్న మాటే నా చేత 7,800 కట్టించింది.

పార్సిల్ తొమ్మిదో రోజు వచ్చింది. పంపిన ఊరు సూరత్ అని చీటీ మీద ఉంది. సూరత్ సింథటిక్ బట్టకు పేరుపడిన ఊరని చీరలు కొనే ఎవరికైనా తెలుసు. విప్పగానే కొత్త ప్లాస్టిక్ సంచి వాసన. మా అత్తగారు చీరను ఒళ్ళో పెట్టుకుని కాసేపు ఏమీ అనలేదు. తర్వాత అంచు తిరగేసి వెనక వైపు చూశారు. ముందు ఎర్రగా ఉన్న కుంభాలు వెనక వెలిసిపోయినట్టు ఉన్నాయి. ‘నేత కాదు, అచ్చు’ అన్నారు. కొంగు చివర నుంచి జరీ లేని పోగు ఒకటి లాగి, దీపం దగ్గర పెట్టారు. పట్టు పోగు అయితే వెంట్రుక కాలిన వాసన వస్తుంది, మంట తీయగానే ఆరిపోతుంది, మిగిలిన బూడిద వేళ్ళ మధ్య పొడి అవుతుంది. ఇది ముడుచుకుపోయి, కరిగి, చివర ఆవగింజంత నల్లటి గట్టి పూస అయింది. ఆవిడ ఆ పూసను నా అరచేతిలో పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయారు.

అతనికి రాశాను. జవాబు: ‘విప్పేటప్పుడు వీడియో తీశారా అక్కయ్యా? తీయకపోతే మా బాధ్యత ఉండదు.’ ఆ షరతు ముందు ఎప్పుడూ చెప్పలేదు. నేను రాసిన రెండో మెసేజీకి ఒకటే టిక్కు గీత పడింది, రెండో గీత పడలేదు. నన్ను బ్లాక్ చేసినట్టున్నాడు.

అప్పుడు గ్రూపులో రాశాను. ఒక్క తిట్టు లేకుండా, ఏమి కొన్నాను, ఎంత ఇచ్చాను, ఏమి వచ్చింది, పోగు కాల్చిన ఫొటో. ఉదయం ఏడుంబావుకు పెట్టాను. ఏడున్నరకు ఒకాయన గులాబీ పువ్వు మీద ‘శుభోదయం’ పెట్టారు. ఆయన వెనక ఇంకొకరు, ఇంకొకరు. ఎనిమిది లోపు పద్నాలుగు శుభోదయాలు, ఒక వెంకటేశ్వరస్వామి, ఒక సుభాషితం. నా మాట పైకి ఎక్కడికో పోయింది. వాళ్ళు కావాలని చేయలేదు, వాళ్ళకు అది రోజువారీ పళ్ళు తోముకోవడం లాంటిది. కావాలని చేసినవాళ్ళు తర్వాత వచ్చారు. ‘మన వాళ్ళ మీద మనమే బురద చల్లుకుంటామా?’ అని ఒకరు. ‘నాకు మంచి చీరే వచ్చింది’ అని ఇంకొకరు. ఆ చీర ఫొటో పెట్టమంటే జవాబు లేదు. ‘పెళ్ళి ముందు ఇలాంటి గొడవలు మంచివి కావు తల్లీ’ అని ఒక పెద్దాయన. అడ్మిన్ ‘ఇలాంటివి వ్యక్తిగతంగా తేల్చుకోండి, గ్రూపు వాతావరణం పాడుచేయవద్దు’ అని రాశారు. మధ్యాహ్నానికి నా మెసేజీ ఉన్న చోట ‘అడ్మిన్ తొలగించారు’ అని మాత్రమే ఉంది. దాని పైన చీర ఫొటో, ఇరవై మూడు ‘ధర ఎంత’లు అలాగే ఉన్నాయి.

ఇక్కడ నా సంగతి కూడా చెప్పాలి. ఆరు నెలల కిందట అదే గ్రూపులో గుణుపూర్ ఆవిడ ఒకరు ఇలాంటిదే రాశారు. రంగు పోయిందని, డబ్బు తిరిగి ఇవ్వడం లేదని. అప్పుడు నేను ఏమి రాశానో తెలుసా? ‘పోనీలెండి, ఎక్కడో ఒక పొరపాటు జరిగి ఉంటుంది’ అని రాసి, రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టాను. మర్యాదగా సర్ది చెప్పాననుకున్నాను. ఆవిడ ఆ రాత్రే గ్రూపు నుంచి వెళ్ళిపోయారు. ఈసారి నా మాట తొలగించిన సాయంత్రం ఆవిడ నుంచే నాకు ఫోను వచ్చింది, ఎవరో చెప్పారట. దెప్పలేదు. చీర కొనేముందు తనకు చూపించిన ఫొటో పంపారు. నేను గ్రూపులో చూసిన ఫొటోనే. అదే చెయ్యి, అదే ఆకుపచ్చ గాజు, వెనక అదే పగిలిన గచ్చు. ఆ ఫొటోను గూగుల్‌లో పెట్టి వెతికితే ఇంకెక్కడో ఉన్న ఒక దుకాణం పేజీలో దొరికింది. ఈ వెతుకులాటకు ఒక నిమిషం పట్టింది. డబ్బు కట్టే ముందు ఆ నిమిషం నా దగ్గర ఉంది.

ఇప్పుడు పని ఎక్కడి దాకా వచ్చిందో చెబుతాను, మీలో ఎవరికైనా ఇదే జరిగితే పనికొస్తుంది. డబ్బు మోసం అని తెలిసిన క్షణమే సైబర్ మోసాల సహాయవాణి 1930కి ఫోను చేయాలి. ఎంత త్వరగా చేస్తే ఆ సొమ్మును ఆపే అవకాశం అంత ఎక్కువ. నేను గ్రూపులో వాళ్ళు ‘ఓపిక పట్టండి’ అంటే నాలుగు రోజులు ఓపిక పట్టి చేశాను, అప్పటికి ఖాతాలో ఏమీ లేదు. వస్తువు గురించిన ఫిర్యాదుకు జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915. తెలుగులోనూ మాట్లాడతారు, ఒడియాలోనూ మాట్లాడతారు. ‘అమ్మినవాడు ఆంధ్రలో ఉన్నానన్నాడు, నేను ఒడిశాలో ఉన్నాను, కేసు ఎక్కడ వేస్తాం’ అని వదిలేసేవాళ్ళు మన వైపు చాలామంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక ఆ చిక్కు లేదు. కొన్నవాళ్ళు ఉండే జిల్లాలోనే వినియోగదారుల కమిషన్‌లో వేయవచ్చు. 5 లక్షల రూపాయల లోపు వాటికి రుసుము లేదు, రెండేళ్ళ లోపు వేయాలి. నేను గజపతి జిల్లాలోనే వేస్తున్నాను. నా చేతిలో ఉన్నవి డబ్బు కట్టిన రసీదు, సూరత్ చీటీ, ఆడపడుచు ఫోనులో నిలిచిన ఆ నాలుగు నిమిషాలు, గుణుపూర్ ఆవిడ ఫొటో. మాయమయ్యే మెసేజీలు మాయమయ్యే లోపు తెర ఫొటోలు తీసుకుని ఉంటే ఇంకా చాలా ఉండేవి.

సిల్క్ మార్క్ చీటీ ఉంది కదా అని ఎవరైనా అంటే దాని మీద నంబరు చూడండి. 2004లో కేంద్ర సిల్క్ బోర్డు తరఫున మొదలైన ఆ గుర్తు బట్ట పట్టుదని మాత్రమే చెబుతుంది. బరంపురంలో నేసినదని చెప్పదు. చేనేతకు వేరే గుర్తు ఉంది. నా చీర మీద ఏ చీటీ లేదు. అడిగితే ‘మగ్గం మీది చీరకు చీటీలు ఎందుకు అక్కయ్యా’ అన్నాడు, అదీ నోటిమాటే.

పెళ్ళికి ఇంకా పన్నెండు రోజులు ఉంది. నేను సెలవు పెట్టి, మా అత్తగారిని తీసుకుని బరంపురం వెళుతున్నాను.

ఈలోపు ఒక విన్నపం. మెరూన్ రంగు ఒళ్ళు, ఎర్ర కుంభాల అంచు, ఫొటోలో ఆకుపచ్చ గాజు వేసుకున్న చెయ్యి, పగిలిన గచ్చు... ఈ ఫొటో చూసి చీర కొన్నవాళ్ళు ఎవరైనా ఉంటే ఎంత కట్టారో, ఏ తేదీన కట్టారో రాయండి. ఒడియా అక్షరాల్లో రాసినా ఫరవాలేదు, మా మరిది చదివి చెబుతాడు. నా ఇన్‌బాక్స్‌కు మాత్రం రావద్దు. ఇక్కడే, ఈ పోస్టు కిందే రాయండి.