నగలు ఎక్కడ పెడితే మేలు: బీరువాలోనా, లాకర్లోనా, కుదవలోనా?

సంక్రాంతి వెళ్లాక నెల్లూరు వేదాయపాళెంలో మా చెల్లెలు వాళ్లింట్లో దొంగలు పడ్డారు. రెండు రోజులు తిరుమల పోయొచ్చేసరికి వాకిలి గొళ్లెం ఊడి వేలాడుతోంది. తాళంకప్ప మాత్రం వేసింది వేసినట్టే ఉంది. బీరువా మీద ఒక్క గీత కూడా లేదు. తాళాలు ఎప్పుడూ ఉండే చోటే, పైన పాత సూట్‌కేసు కింద, దొంగల చేతికి దొరికాయి. పద్నాలుగు సవర్లు (సవర అంటే ఎనిమిది గ్రాములు) పోయాయి, అందులో మా అమ్మ కాసులపేరు ఉంది.

అప్పట్నుంచి చుట్టాల్లో ఎవరు కలిసినా “అక్కా, లాకరు తీసుకోమంటావా?” అనే అడుగుతున్నారు. బ్యాంకులో ఇరవై రెండేళ్లు లాకర్లూ నగల అప్పులూ చూసిన దాన్ని కాబట్టి నాకు తెలిసింది చెప్తాను.

బీరువా గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. అది బట్టలు పెట్టుకునే పలచటి రేకు పెట్టె. లోపలి చిన్న లాకరు కూడా ఆ రేకే. దొంగ ఇంట్లోకి రాగానే ముందు చూసేది దాన్నే, తాళాల కోసం వెతికేది దాని పైన, పరుపు కింద, దేవుడి గూట్లో. రోజూ వేసుకునే గాజులు, కమ్మలు, ఒక గొలుసు వరకు ఇంట్లో ఉంచుకోండి. ఎండాకాలం మిద్దె మీద పడుకునే అలవాటున్న వాళ్లయితే అది కూడా ఎక్కువే. కింద తలుపు ఊరికే దగ్గరికేసి పైకి పోవడం మన వైపు ఇంకా మానలేదు.

బ్యాంకు లాకరు నిస్సందేహంగా ఇంటికంటే మేలు. మీ తాళంచెవి, బ్యాంకు తాళంచెవి రెండూ పడితేనే తెరుచుకుంటుంది. రిజర్వు బ్యాంకు కొత్త నియమాలు 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చాక, లాకరు తెరిచిన రోజే మీ ఫోనుకు మెసేజీ రావాలి, వచ్చిపోయిన వాళ్ల కెమెరా రికార్డింగు కనీసం 180 రోజులు ఉంచాలి. కానీ చాలామందికి తెలియని మాట ఒకటుంది. లాకర్లో ఏం పెట్టారో బ్యాంకుకు తెలియదు, లోపలి సరుకుకు బ్యాంకు ఇన్సూరెన్సు ఉండదు. దొంగతనం, అగ్నిప్రమాదం, ఉద్యోగుల మోసం లాంటి వాటితో పోతే బ్యాంకు ఇచ్చేది ఏడాది అద్దెకు 100 రెట్లు వరకే. అద్దె 3,000 అయితే 3 లక్షలన్నమాట. ఇప్పుడున్న ధరలో అది నాలుగు సవర్లకు కూడా చాలదు. వరద, పిడుగు లాంటి ప్రకృతి వైపరీత్యాల వల్ల పోతే, బ్యాంకు తప్పు లేనప్పుడు, ఆ బాధ్యతా లేదు. 2021 నవంబరులో పెన్న పొంగినప్పుడు నెల్లూరు చూసింది మరిచిపోలేం. అందుకే లాకరు అడిగేటప్పుడు బ్రాంచి ఎంత పల్లంలో ఉందో కూడా చూడండి.

ఇక కుదవ, అంటే తాకట్టు. నగలు కుదవ పెట్టడం అంటే మనవాళ్లకు పరువు తక్కువ. నారు పోసే ముందు పెట్టుబడికి బ్యాంకులో కుదవ పెట్టే రైతును అడిగితే, అదెంత భద్రమో చెప్తాడు. కౌంటర్ దగ్గర బంగారానికి విలువ కట్టే అప్రైజరు ప్రతి నగా గీటురాయి మీద గీసి చూస్తాడు, రాళ్ల బరువు తీసేసి నికర బరువు రాస్తాడు, కవరులో పెట్టి సీలు వేస్తారు. ఏ నగ ఎంత బరువో మీ చేతిలో కాగితం ఉంటుంది. పోతే ఆ నగలకు జవాబు చెప్పాల్సింది అప్పిచ్చిన వాళ్లే. ఇక్కడే లాకరు కంటే కుదవ గట్టిది. పది సవర్లు పెట్టి పదివేలే అప్పు తీసుకోవచ్చు, తొమ్మిది శాతమైతే ఏడాదికి 900 వడ్డీ. అప్రైజరు రుసుము కలిపినా చాలాచోట్ల లాకరు అద్దెకంటే తక్కువే. గడువు దాటితే మాత్రం నోటీసు, ఆ తర్వాత వేలం. తేదీ గుర్తుపెట్టుకుని తిరగరాయించుకోలేని వాళ్లు దీని జోలికి పోవద్దు. వీధి చివరి తాకట్టు కొట్లో చీటీ ముక్క మీద అసలే పెట్టొద్దు.

నా మటుకు నేను చెప్పేది ఇది. పది సవర్ల లోపు వాళ్లు లాకరు కోసం ఏళ్లు ఎదురుచూడక్కర్లేదు, బ్యాంకులో చిన్న అప్పు మీద కుదవ చాలు. పెళ్లీడు ఆడపిల్ల ఉండి మాటిమాటికీ నగలు తీయాల్సొస్తే లాకరే వీలు. బంగారం బాగా ఉంటే రెండుచోట్లా సర్దండి, అంతా ఒక్కచోట వద్దు.

ఇంటి కాపలా సంగతికొస్తే, సొంత కెమెరానా, తాళం వేసిన ఇళ్లను కనిపెట్టి చూసే ఆంధ్రా పోలీసుల యాప్ ఎల్‌హెచ్‌ఎంఎస్సా అంటే నేను రెండోదే అంటాను. ఆ యాప్‌లో పేరు నమోదు చేసుకుని, ఊరెళ్లే తేదీలు పెడితే పోలీసులు వచ్చి కెమెరా బిగిస్తారు, పైసా తీసుకోరు. ఇంట్లో అలికిడైతే కంట్రోల్ రూముకు తెలుస్తుంది. చెల్లెలి ఇంట్లో వైఫై కెమెరా ఉంది, ఫోనుకు అలర్టు కూడా వచ్చింది. అప్పటికి ఫోన్లు కొండ మీద కౌంటర్లో ఇచ్చి వాళ్లు దర్శనం క్యూలో ఉన్నారు. ప్రయాణానికి ముందురోజే స్టేషన్లో అడిగి పెట్టుకోండి. గొళ్లేనికి చిన్న స్క్రూలు కాకుండా తలుపు అవతలికి వచ్చే బోల్టూ నట్టూ వేయించండి. తాళం ఎంత ఖరీదైనా ఊడేది ఆ స్క్రూలే. పక్కింటి వాళ్లతో చెప్పి వాకిట్లో నీళ్లు చల్లించి ముగ్గు వేయించండి. రెండు రోజులు ముగ్గు లేని వాకిలి వీధిలో తిరిగే ఎవడికైనా కనిపిస్తుంది.

ఇంకోటి, ఈ ఆదివారమే చేయండి. నగలన్నీ తెల్లటి గుడ్డ మీద పరిచి ఫొటోలు తీయండి, బిల్లులు కూడా. స్టేషన్లో మమ్మల్ని ముందుగా అడిగింది అవే. చెల్లెలి దగ్గర కాసులపేరుకు బిల్లూ లేదు, ఫొటో లేదు. చివరికి మా అమ్మ పెళ్లి ఫొటో ఫ్రేములోంచి తీసి, ఆవిడ మెడలో కనిపించే దాన్ని చూపించి ఇచ్చొచ్చాం.