ఆటో లూబ్రికేషన్ మీద నాలుగేళ్ల కోపం: సముద్రం పక్క ఫ్లాట్‌లో ట్రెడ్‌మిల్

మోటారు ఎన్ని హెచ్‌పీ, బ్లూటూత్ ఉందా లేదా, మడిస్తే ఎంత జాగా పడుతుంది, ఇవన్నీ అమ్మకం పేజీలోనే ఉన్నాయి. మళ్లీ రాసి లాభం లేదు. నాలుగేళ్ల వాడకం తర్వాత ఈ మిషను మీద మిగిలిన కోపమంతా ఒక్కదాని మీదే. అట్టపెట్టె మీద పెద్దక్షరాల్లో అచ్చేసిన ‘ఆటో లూబ్రికేషన్’ మీద. ట్యాంకులో ఆయిల్ పోసి వదిలేయండి, బెల్టు కింద పూత అదే పడుతుంది అన్నారు. పడింది. కాళ్లు పడని చోట పడింది.

కొన్న ఆరు నెలలకు ఇదే మిషనుకు ఐదు స్టార్లిచ్చి ‘చప్పుడు లేదు, ఆయిల్ గోల లేదు, మోకాళ్లకు మెత్తగా ఉంది’ అని రాశాను. చప్పుడు సంగతి నడకకైతే ఇప్పటికీ నిజమే. పరుగెత్తితే మాత్రం కింది ఫ్లాట్ వాళ్లకు పైన ఎవరో పిండి దంచుతున్నట్టు వినిపిస్తుంది, కింద రబ్బరు మ్యాట్ వేసినా సరే. మెత్తదనం మూడేళ్లు వచ్చింది. బెల్టు కింద ఉండే పలకకు అడుగున పెట్టిన రబ్బరు బుష్షులు గట్టిపడ్డాక అదీ పోయింది. ఇక ఆయిల్ గోల.

వాడకం ఎలాంటిదో ముందు చెప్పాలి. విశాఖలో లాసన్స్‌బే కాలనీ వైపు మూడో అంతస్తు, కిటికీ తీస్తే సముద్రపు గాలి. రోజూ ముగ్గురు, 58 కేజీల నుంచి 92 కేజీల దాకా, అందరిదీ కలిపి గంటన్నర.

మూడో వేసవిలో మొదలైంది. 92 కేజీల మనిషి గంటకు 3 కిలోమీటర్ల వేగంతో నడుస్తుంటే అడుగు పడ్డప్పుడల్లా బెల్టు ఒక్క క్షణం ఆగి మళ్లీ లాగేది. అదే మనిషి 6లో నడిస్తే బాగానే ఉండేది. 58 కేజీల వాళ్లకైతే ఏ వేగంలోనూ తేడా లేదు. ఇది చూసి చాలామంది బెల్టు వదులైందనుకుని వెనక బోల్టులు బిగించేస్తారు. ఇక్కడా అదే జరిగింది, అదే మొదటి తప్పు. నిజానికి నెమ్మది నడకే మోటారుకు కష్టం. వేగం మీద ఉన్నప్పుడు మోటారుకూ దానికి తగిలించిన బరువైన చక్రం, ఫ్లైవీలుకూ ఒక ఊపు ఉంటుంది, అడుగు పడ్డప్పుడు తగిలే అడ్డును ఆ ఊపే దాటించేస్తుంది. 3 దగ్గర ఆ ఊపు ఉండదు. బరువంతా బెల్టును పలకకేసి ఎక్కువసేపు నొక్కి ఉంచుతుంది. ఆ లోటు పూడ్చడానికి, మోటారును నడిపే ఎలక్ట్రానిక్ బోర్డు దానికి మరింత కరెంటు పంపుతుంది. బెల్టు కింద పూత ఎండిపోతే ముందు తడబడేది ఈ వేగంలోనే.

తర్వాత స్క్రీన్ మీద ‘E5’ అనే ఎర్రర్ కోడ్ రావడం మొదలైంది. ఈ మోడల్లో అది ఓవర్‌లోడ్, అంటే మోటారు మీద భారం ఎక్కువైందని. కోడ్లు కంపెనీకో రకం, మీ పుస్తకం చూసుకోండి. స్విచ్ ఆపి వేస్తే పోయేది, పది నిమిషాలకు మళ్లీ వచ్చేది. మూడు వారాలు అలా ఆపుతూ వేస్తూ నెట్టాక ఒక రోజు ముందు మూతలోంచి కాలిన బేకలైటు వాసన వచ్చింది. ఆ తర్వాత స్క్రీన్ వెలుగుతుంది, బెల్టు కదలదు.

మొదట వచ్చిన మెకానిక్ మూత కూడా తీయకుండా మోటారు పోయిందన్నాడు, కొత్తదానికి రేటు చెప్పాడు. రెండో అతను చేసిన పని రాస్తాను, ఎందుకంటే ఎవరు వచ్చినా మీరు ఇదే అడగాలి. ప్లగ్ పీకి, బోర్డు మీది కెపాసిటర్‌లో నిలిచిన కరెంటు దిగడానికి పది నిమిషాలు ఆగాడు. మోటారు తీగలు రెండూ బోర్డు నుంచి ఊడదీసి 12 వోల్టుల బ్యాటరీకి తగిలించాడు. మోటారు నెమ్మదిగా, సాఫీగా తిరిగింది. అంటే మోటారు బతికే ఉంది, పోయింది బోర్డు. దాని ఖరీదు ఆరు వేల పైచిలుకు. మోటారు కూడా మార్పించుకుని ఉంటే అంతకు రెండింతలు దండగ.

కొత్త బోర్డు వేశాక అతను వెంటనే వెళ్లిపోలేదు, అదే అసలు మేలు. మెయిన్ తీగల్లో ఫేజ్ ఒక్కదానికే కరెంటు కొలిచే క్లాంప్ మీటరు తగిలించాడు (మొత్తం వైరుకు కలిపి తగిలిస్తే సున్నా చూపిస్తుంది). ఆ 92 కేజీల మనిషినే 3లో నడిపించాడు. 4.6 ఆంపియర్లు. ఈ బోర్డూ మూడు నెలల్లో కాలుతుందని చెప్పి, ఆపి, బెల్టు అంచు ఎత్తి కిందికి చెయ్యి పెట్టమన్నాడు. అంచుల దగ్గర జిడ్డు. నాలుగు వేళ్ల వెడల్పు లోపలికి వెళ్తే ఎండిపోయి అద్దంలా నున్నబడిన బెల్టు అడుగు గుడ్డ. అక్కడ చేత్తోనే ఆయిల్ పట్టించి, అంతకుముందు బిగించిన బోల్టులు వదులు చేశాడు. 3.1కి దిగింది. పలక ఇంకో వైపుకు తిప్పి, కొత్త బెల్టు వేసి చూస్తే 2.2. ఈ మోడల్లో పలకకు రెండు వైపులా పూత ఉంటుంది కాబట్టి తిప్పడం కుదిరింది, అన్నింటికీ కుదరదు. పాత వైపు ఎడమ పాదం పడే చోటా, కుడి పాదం పడే చోటా నల్లటి పూత పోయి లోపలి చెక్కపిండి రంగు కనిపిస్తోంది, గుమ్మం రాయి అరిగినట్టు.

ఇక ఆ ‘ఆటో’ సంగతి. బెల్టు వెడల్పు 45 సెంటీమీటర్లు. ట్యాంకు నుంచి వచ్చే రెండు సన్న గొట్టాలు అంచు నుంచి ఐదారు సెంటీమీటర్ల లోపల చుక్కలు వేస్తాయి. మనిషి కాళ్లు పడేది మధ్య పాతిక సెంటీమీటర్లలో. బెల్టు ఆయిల్‌ను వెనక్కి తీసుకుపోతుంది గానీ అడ్డంగా మధ్యకు పాకించదు. అడుగు బరువు దాన్ని ఇంకా అంచులకే నెడుతుంది. పైగా పంపు కిలోమీటర్లు లెక్కపెట్టి చుక్క వదులుతుంది. బరువు దానికి తెలియదు, గొట్టం మూసుకుపోయినా తెలియదు. విప్పి చూస్తే కుడి గొట్టం మూతిలో దుమ్ము, నూగు, తేమ కలిసి పేస్టులా గడ్డకట్టి ఉంది. ట్యాంకులో ఆయిల్ తగ్గుతూనే ఉంది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. ఈ ఏర్పాటు అసలు లేకపోయుంటే మూడు నెలలకోసారి చెయ్యి పెట్టి చూసేవాళ్లం. నా కోపం అందుకే.

చేత్తో పోయడం పది నిమిషాల పని. వంద శాతం సిలికాన్ ఆయిల్ మాత్రమే వాడాలి. కొబ్బరి నూనె, కుట్టుమిషను ఆయిల్, తుప్పు వదిలించే స్ప్రేలు బెల్టు గుడ్డనూ పలక పూతనూ పాడుచేస్తాయి. కొన్ని మోడళ్లలో పలకకు ముందే మైనం పూత ఉంటుంది, వాటికి ఆయిలే పోయకూడదు. ఇది పుస్తకంలో చూసి తీరాలి. ప్లగ్ పీకండి. ఒక పక్క నడిమధ్యలో బెల్టు అంచు పట్టుకుని ఎత్తితే ఐదు నుంచి ఏడు సెంటీమీటర్లు లేవాలి. అంతకన్నా తక్కువ లేస్తే బిగువు ఎక్కువైనట్టే. పొడుగు మూతి సీసాను మధ్య దాకా దూర్చి, ముందు నుంచి వెనక్కి వంకర గీతలా ఒక్కో పక్కకు 15 మిల్లీలీటర్లు, రెండు పక్కలా కలిపి 30. తర్వాత 3లో ఐదు నిమిషాలు, కాళ్లు కాస్త ఎడంగానూ దగ్గరగానూ మార్చి వేస్తూ నడవాలి, మధ్యంతా పరుచుకుంటుంది. ఎక్కువ పోస్తే మంచిదనుకోకండి. వెనక రోలరు దాకా పాకి బెల్టు జారుతుంది, దుమ్ము పట్టి నల్ల ముద్ద అవుతుంది. ఎన్నాళ్లకోసారి అంటే పుస్తకంలో గంటల లెక్క ఉంటుంది, అంతకన్నా వేలు నమ్మకం. మధ్య భాగం కింద వేలు రాస్తే సన్న జారుడు తగలాలి. తగలకపోతే పోయాలి.

బెల్టు ఒక పక్కకు జరగడం వేరే సంగతి. అది ఎటు జరిగితే అటు వెనక బోల్టును ఆలన్ కీతో సవ్యదిశలో పావు చుట్టు తిప్పి, 4లో ఖాళీగా రెండు నిమిషాలు తిరగనివ్వండి. మళ్లీ చూసి ఇంకో పావు. ఒకేసారి చుట్టు మొత్తం తిప్పితే రెండో పక్కకు పోయి అంచు నలుగుతుంది. తడబాటు ఎక్కడిదో తేలకపోతే మెకానిక్ మూత తీసినప్పుడు ముందు రోలరు చూడమనండి. రోలరు తిరుగుతూ బెల్టు ఆగితే నడక బెల్టు వదులు. మోటారు తిరుగుతూ రోలరు ఆగితే ఆ రెంటినీ కలిపే లోపలి గాడుల బెల్టు వదులు. మూడూ కలిసి తడబడితే రాపిడి, లేదా బోర్డు.

మిషన్లు అమ్మేవాళ్లెవరూ ఉప్పుగాలిని లెక్కలోకి తీసుకోరు. బాల్కనీలో పెట్టొద్దని పుస్తకంలో చిన్నక్షరాల్లో ఉంటుంది. బీచ్ రోడ్డు వైపు ఫ్లాట్లలో మాత్రం ‘సముద్రం చూస్తూ నడవొచ్చు’ అని అక్కడే పెడతారు. మా మిషను మొదటి ఏడాది కిటికీ పక్కనే ఉండేది. ముందు మూత స్క్రూల తలలు, తర్వాత వెనక రోలరు చివర్లు, తర్వాత మిషను ముందు భాగాన్ని ఎత్తే ఇంక్లైన్ మోటారు మర తుప్పు పట్టాయి. స్క్రూల తుప్పు చూడ్డానికే అసహ్యం, అంతే. రోలరు బేరింగు కీచుమనడం మొదలుపెడితే మార్చాల్సిందే. ఇంక్లైన్ మరకు ఏడాదికోసారి కాస్త లిథియం గ్రీజు చాలు. చెమట కూడా ఉప్పునీరే. విశాఖ ఉక్కపోతలో అరగంట నడిస్తే హ్యాండిల్ కింది బోల్టుల దాకా కారుతుంది. దిగగానే పొడిగుడ్డతో తుడవడం, ఆరు నెలలకోసారి ముందు మూత తీసి దుమ్ము లాగించడం. ఈ రెండూ చేసిన నాలుగో ఏడాదిలో కొత్త తుప్పు కనిపించలేదు.

కరెంటు విషయంలో ఒకటే చెప్తాను, 16 ఆంపియర్ల పవర్ పాయింటు, సరైన ఎర్త్. ఎక్స్‌టెన్షన్ బాక్సు వేడెక్కి కరుగుతుంది. హ్యాండిల్ పట్టుకుంటే జివ్వుమంటే ముందు ఎర్త్ చూపించండి. ఇంటి ఇన్వర్టర్ లైను మీద అసలు పెట్టొద్దు.

ఊహించని మంచి మాట ఒకటుంది. దారానికి వేలాడే, ఊడితే బెల్టు ఆగిపోయే ఆ ఎర్ర సేఫ్టీ కీ. అందరూ దాన్ని స్క్రీన్‌కు అతికించేసి క్లిప్పును గాలికి వదిలేస్తారు. బోర్డు పోకముందు బెల్టు తడబడే రోజుల్లో ఒకసారి కాలు జారితే, మనిషి పడేలోపు బెల్టును ఆపింది అదే. అయితే కంపెనీ ఇచ్చిన దారం మరీ పొడుగు. క్లిప్పు బట్టకు పెట్టుకుని 2లో నడుస్తూ ఒక్క అడుగు వెనక్కి జరగండి. కీ ఊడి రాకపోతే దారం ముడేసి పొట్టి చేయండి. క్లిప్పు నడుం దగ్గర గట్టి బట్టకు పెట్టాలి, చున్నీ కొసకు కాదు. చున్నీ, చీర కొంగు, వదులు నైటీ వెనక రోలరులో పడితే లాగేస్తుంది. నడిచేప్పుడు కొంగు దోపుకోవాల్సిందే, చున్నీ తీసేయాల్సిందే. చెప్పులతోనూ వద్దు, ఒట్టి కాళ్లతోనూ వద్దు.

ఇంట్లో పిల్లలుంటే వాడనప్పుడు కీ బీరువాలో ఉండాలి. 2021 మేలో అమెరికాలో పెలోటాన్ అనే కంపెనీ తన ట్రెడ్ ప్లస్ ట్రెడ్‌మిల్లులను వెనక్కి పిలిపించింది, ఒక పిల్లవాడు మిషను కింద చిక్కుకుని చనిపోయాక. వెనక రెండు మీటర్లు, పక్కలకు అర మీటరు ఖాళీ అని పుస్తకాల్లో రాసేది ఊరికే కాదు. టీవీ కనపడాలని మిషను వెనక భాగాన్ని గోడకు ఆనించేస్తారు. జారిన మనిషి గోడకూ బెల్టుకూ మధ్య ఇరుక్కుంటే తిరుగుతున్న బెల్టు చర్మాన్ని వొలిచేస్తుంది.

నడక వల్ల ఫలితం గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. పక్క పట్టాల మీద నిలబడి స్టార్ట్ నొక్కి, అతి తక్కువ వేగంలో బెల్టు మీదికి దిగి, ఐదు నిమిషాల తర్వాత పెంచాలి. మాట్లాడగలిగి పాట పాడలేని వేగం చాలు. ఇంక్లైన్ పెట్టి హ్యాండిల్‌కు వేలాడితే పెట్టనట్టే. ఆపేముందు మళ్లీ ఐదు నిమిషాలు తగ్గిస్తూ రావాలి, లేకపోతే కళ్లు తిరుగుతాయి. క్యాలరీల అంకె పట్టించుకోకండి. వేగం అంకె మాత్రం సరిచూడొచ్చు. బెల్టు మీద సుద్దతో గీత గీసి, మొత్తం పొడవు టేపుతో కొలవండి. ఇక్కడ 2.8 మీటర్లు. మనిషి నడుస్తుండగా 20 చుట్లకు 56 మీటర్లు, 5లో 40 సెకన్లు పట్టాలి. ఎండు బెల్టు రోజుల్లో 43 పట్టేది, అంటే 4.7. కొత్త బెల్టు మీద 40.

కొనొచ్చా అంటే, పెందుర్తి, గోపాలపట్నం వైపు సముద్రానికి దూరంగా కింది అంతస్తులో ఉండి, 75 కేజీల లోపు వాళ్లు నడకకే వాడేట్టయితే ఈ ధరకు ఫర్వాలేదు. 90 దాటిన మనిషి రోజూ నెమ్మదిగా నడిచే ఇల్లయితే ఇదే డబ్బుకు ఫీచర్లు తక్కువ, మోటారు పెద్దది చూసుకోండి. పరుగుకైతే నా ఓటు పడదు. ఆటో లూబ్రికేషన్ ఉందని మాత్రం వెయ్యి రూపాయలు కూడా ఎక్కువ పెట్టకండి. ఆ ట్యాంకు ఇప్పటికీ మిషనులోనే ఉంది, గొట్టాలు పీకేసి మూత బిగించాం. సిలికాన్ ఆయిల్ సీసా టీవీ స్టాండు అరలో ఉంటుంది, పోసిన తారీఖు దాని మీదే మార్కర్‌తో రాసి.