పాత బుల్లెట్ హెడ్డుకు వేసిన వాల్వుల సెట్టు ఎలా ఉంది

ఇనుప సిలిండరు ఉన్న బుల్లెట్ 350 ఇంజిన్ విప్పి మళ్లీ కట్టేవాళ్లు ఈ సెట్టు ధైర్యంగా కొనవచ్చు. పెట్టె విప్పి నేరుగా బిగించే సరుకు మాత్రం కాదు. ఇందులో రెండు వాల్వులు, గైడ్లు (వాల్వు కాడ జారే గొట్టాలు), లోపలి బయటి స్ప్రింగులు, కాలర్లు (స్ప్రింగు పైన ఆనే బిళ్లలు), కాటర్లు (కాలరును కాడకు పట్టి ఉంచే జంట ముక్కలు), వాల్వు కాడ చివర తొడిగే క్యాపులు వస్తాయి. వాల్వుల నునుపు చూస్తేనే తయారుచేసినవారి శ్రద్ధ తెలుస్తుంది.

గైడు హెడ్డు రంధ్రం కంటే 0.04 మి.మీ. లావుగా ఉంది. అల్యూమినియం హెడ్డుకు ఆ బిగువు చాలు. హెడ్డును 150 డిగ్రీల దాకా వేడిచేసి, గైడును ఫ్రీజర్‌లో ఉంచి దించాను. చల్లని హెడ్డులోకి సుత్తితో కొట్టి దించితే రంధ్రం గీరుకుపోతుంది, దయచేసి ఆ పని చేయకండి. గైడు బిగుసుకున్నాక దాని లోపలి రంధ్రం కాస్త కుంచించుకుపోతుంది. అంతకుముందు సాఫీగా జారిన వాల్వు ఇప్పుడు కదలదు. అందుకే రంధ్రాన్ని సరైన కొలతకు చెక్కే రీమర్ తప్పనిసరి. సెట్టుతో వచ్చిన కాగితంలో ఆ ఊసే లేకపోవడం పెద్ద లోపం. కాడకూ గైడుకూ మధ్య ఇన్‌లెట్‌కు 0.04, ఎగ్జాస్టుకు 0.06 మి.మీ. సందు ఉంచాను; ఎగ్జాస్టు కాడ ఎక్కువ వేడెక్కి ఎక్కువ వ్యాకోచిస్తుంది.

సీటు, అంటే మూసుకున్నప్పుడు వాల్వు ఆనే అంచు, దాని పని ఆ తర్వాతే. కట్టర్‌కు ఆధారం గైడే కాబట్టి ముందు సీటు కోసి తర్వాత గైడు మారిస్తే రెండింటి కేంద్రాలు కలవవు. పాత హెడ్డుల్లో సీటు ఇదివరకే ఎన్నోసార్లు కోసి లోతుకు దిగి ఉంటుంది. అప్పుడు వాల్వు కాడ పైకి వస్తుంది, స్ప్రింగుకు చోటు పెరిగి ఒత్తిడి తగ్గుతుంది. సీటు ఎంత దిగిందో అంత మందం షిమ్ (పలుచని రింగు) స్ప్రింగు కింద వేయాలి. సెట్టులో షిమ్‌లు లేవు, విడిగా తెచ్చుకోవాలి. షిమ్ వేశాక వాల్వు పూర్తిగా తెరుచుకున్నప్పుడు స్ప్రింగు చుట్టలన్నీ ఒకదానికొకటి ఆనిపోకుండా, మొత్తం మీద 1.5 మి.మీ. అయినా మిగలాలి.

కాటర్లు నాకు బాగా నచ్చాయి. రెండు ముక్కల మధ్య రెండు వైపులా సన్నని సందు సమానంగా మిగిలింది. ఈ ఒంటి గాడి రకానికి అలాగే ఉండాలి. ముక్కల అంచులు ఒకదానికొకటి తగిలితే కాడ మీద పట్టు ఉండదు.

అసలు జాగ్రత్త క్యాపుల దగ్గర. ఎగ్జాస్టు క్యాపు అంచు కాటర్ల మీద ఆనింది. అలా వదిలేస్తే వాల్వును తెరిచే మీట అయిన రాకరు కాడను కాకుండా కాటర్లను నొక్కుతుంది. అవి ఊడితే వాల్వు సిలిండరులోకి జారి పిస్టన్ పగులుతుంది. నీలి రంగు పూసి చూస్తే ఆనిన చోటు వెంటనే తెలిసిపోతుంది. అంచును ఆయిల్‌స్టోన్ మీద కొద్దికొద్దిగా అరగదీస్తే క్యాపు కాడ చివరనే కూర్చుంది. ఇంత మంచి వాల్వులు చేసినవారు ఈ చిన్న కొలత వదిలేయడం బాధగా ఉంది.

టాపెట్లు (పుష్‌రాడ్‌ల కింద ఉండే సర్దుబాట్లు) ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే, కంప్రెషన్‌లో పిస్టన్ పైకి చేరాక సరిచేయాలి. రాకరును నెట్టే కడ్డీ అయిన పుష్‌రాడ్ వేళ్లతో తేలిగ్గా తిరగాలి, పైకీ కిందికీ ఆడకూడదు. కొంతదూరం నడిపి హెడ్డు నట్లు మళ్లీ బిగించాక చూస్తే ఎగ్జాస్టు పుష్‌రాడ్ కొంచెం బిగుసుకుంది. కొత్త వాల్వు సీటులో సర్దుకునేటప్పుడు ఇది మామూలే. అప్పుడు సరిచేసిన అమరిక ఇప్పటికీ మారలేదు.