మింట్ ఎర్రరా, తర్వాత తగిలిన దెబ్బా?

వింత నాణెం దొరికితే ముందు తేల్చాల్సింది ఒక్కటే: ఆ తేడా టంకశాలలో వచ్చిందా, బయటికొచ్చాక వచ్చిందా? మొదటిదైతే నాణేలు సేకరించేవాళ్లు చాలాసార్లు అదనంగా ఇస్తారు. రెండోదైతే మామూలు నాణేనికి చాలాసార్లు ముఖవిలువే మిగులుతుంది.

అంచు తెగిన నాణెం చూడండి. అచ్చు పడకముందే బిళ్ల తెగి ఉంటే, చాలావరకు సరిగ్గా ఎదురువైపు అంచు కూడా చదునుగా, అస్పష్టంగా ఉంటుంది. దీన్నే బ్లేక్‌స్లీ ఎఫెక్ట్ అంటారు. నాకైతే ఇంత అందమైన సాక్ష్యం ఇంకోటి లేదు. తర్వాత కత్తిరించిన నాణెంలో ఎదురు అంచు నిండుగానే ఉంటుంది.

అక్షరాలు రెండేసిగా కనిపించే నాణేల దగ్గరే అసలు టెన్షన్. 1955 నాటి అమెరికా లింకన్ సెంట్‌లో డై (నాణేన్ని ముద్రించే అచ్చు) మీదే బొమ్మ రెండుసార్లు పడింది, అందుకే దానికంత ధర. అలా కాకుండా నాణెం కొట్టేటప్పుడు డై కదిలితే అక్షరం పక్కన చదునైన మెట్టులా కనిపిస్తుంది. ఇది టంకశాలలో జరిగినా పెద్దగా విలువ తేదు.

గీతలు, సొట్టలు, యాసిడ్ మరకలు డ్యామేజే. అయితే నిజంగా అరుదైన పాత నాణేనికి చిల్లు పడ్డా కొనేవాళ్లుంటారు, ధర తగ్గుతుందంతే. ఏదైనా సరే, దయచేసి తోమకండి.