చంటిపాపతో డిస్నీ వరల్డ్: రెండు బసలు, నాలుగు పార్కులు

డిస్నీ వరల్డ్‌లో మూడేళ్ళు నిండని పిల్లలకు టికెట్ లేదు. మావారు మొదట పట్టుకున్న పాయింటు అదే. "పాపకు ఫ్రీ, ఇంకేంటి?" అన్నారు. ఆరేళ్ళ పెద్దాడికి పిల్లల టికెట్ అని పేరేగానీ, పెద్దవాళ్ళ ధరకు కొద్ది డాలర్లే తక్కువ. అనంతపురం నుంచి వచ్చి మా దగ్గర ఉన్న అత్తమ్మకూ పూర్తి టికెట్టే. ఐదుగురిలో ఎనిమిది నెలల పాప ఒక్కతే ఉచితం. కారు డిక్కీలో మాత్రం ముప్పాతిక వంతు ఆవిడగారిదే. డైపర్ల అట్టపెట్టె, రెండు రకాల పాలడబ్బాలు, అత్తమ్మ బియ్యం, పెసరపప్పు వేయించి మిక్సీ పట్టిన ఉగ్గు పొడి, రాగిపిండి, ఆముదం సీసా. ఆముదం ఎందుకని అడిగితే, "ఊరు మారితే కడుపు మారుతుంది" అన్నారు. వాడలేదు, కానీ ఐదు రోజులూ మాతోనే తిరిగింది.

అట్లాంటా శివార్లలోని మా ఇంటి నుంచి, డిస్నీ వరల్డ్ ఉండే ఫ్లోరిడాలోని ఆర్లాండోకు కారులో ఏడు గంటలంటారు. ఐ-75 హైవే పట్టుకుని దక్షిణానికి దిగడమే. మాకు పదిన్నర పట్టింది. రెండు గంటలకోసారి పాపను కార్ సీట్లోంచి తీసి కాసేపు నేల మీద వదలాలి కదా. విమానంలో రెండేళ్ళలోపు పిల్లలను ఒళ్ళో కూర్చోబెట్టుకుంటే దేశంలో టికెట్ అక్కర్లేదు. అయినా అక్కడ దిగాక మళ్ళీ కారూ, కార్ సీటూ వెతుక్కోవాలి. నవంబరు మొదటి వారం కాబట్టి ఎండ బాధ లేదు. వేసవిలో అయితే ఫ్లోరిడా ఉక్కకూ, మధ్యాహ్నం వచ్చే ఉరుముల వానకూ ఈ వయసు పిల్లను నేను తీసుకెళ్ళను.

మొదటి రెండు రాత్రులకు ఆర్లాండో పక్కనే ఉన్న కిసిమ్మీలో ఒక విల్లా తీసుకున్నాం. మూడు పడగ్గదులు, పెద్ద వంటిల్లు, వాషర్, డ్రయ్యర్. గ్యాస్ పొయ్యి చూడగానే అత్తమ్మ ముఖం వెలిగిపోయింది. రాత్రి పదింటికి తలుపు తీస్తే, బుకింగ్‌లో రాసిన క్రిబ్ (చంటిపిల్లల మంచం) మాత్రం లేదు. ఫోన్ చేస్తే గరాజ్‌లో చూడమన్నారు. చూస్తే ఉంది, ఒక కాలు ఊడి, పరుపు లేకుండా. నేల మీద బొంత పరిచి పాపనూ పడుకోబెట్టి, నేనూ పక్కనే పడుకున్నాను. సరైన క్రిబ్ మేము ఖాళీ చేసే రోజు పొద్దున వచ్చింది. తెచ్చినాయన చాలా మర్యాదస్థుడు, బిగించి మరీ వెళ్ళాడు.

క్రిబ్ సంగతి అలా ఉంచితే, విల్లాతో అసలు ఇబ్బంది దూరం. కాగితం మీద పన్నెండు మైళ్ళే. కానీ కారు పార్కింగుకు డబ్బు కట్టి, అక్కడి నుంచి మోనోరైలో ఫెర్రీయో ఎక్కి సరస్సు దాటితేగానీ, నాలుగు పార్కుల్లో ఒకటైన మ్యాజిక్ కింగ్‌డమ్ గేటు రాదు. ఇంటి గుమ్మం నుంచి గేటు దాకా మాకు గంటా ఇరవై నిమిషాలు పట్టింది. పాప పొద్దున తొమ్మిదిన్నరకోసారి, మధ్యాహ్నం రెండింటికోసారి నిద్రపోతుంది. మధ్యాహ్నం నిద్రకు విల్లాకు పోయి రావాలంటే రెండున్నర గంటల పైనే దారికే సరి. పోలేదు. పోనందుకు సాయంత్రం ఐదు నుంచి ఏడు దాకా ఏడుపు.

మూడో రోజు డిస్నీ వాళ్ళదే పాప్ సెంచురీ హోటల్‌కు మారాం. వాళ్ళ హోటళ్ళలో ఇది చవక వరసలోది. గది చిన్నది, 260 చదరపు అడుగులు. గోడకు ఉన్న టేబులే కిందికి దించితే మంచమవుతుంది. అది దించి, క్రిబ్ కూడా వేస్తే, బాత్రూమ్‌కు పక్కవాటంగా నడిచి వెళ్ళాలి. గదికి నలుగురే, కానీ మూడేళ్ళలోపు బిడ్డ క్రిబ్‌లో పడుకుంటే లెక్కలోకి రాదు. క్రిబ్‌కు డబ్బు తీసుకోరు, అడిగితే ఇస్తారు. గదిలో చిన్న ఫ్రిజ్ ఉంటుంది, మైక్రోవేవ్ ఉండదు. అది కింద ఫుడ్ కోర్టులో ఉంది. రాత్రి పదింటికి నైటీ మీద జాకెట్ వేసుకుని, ఉగ్గు గిన్నె పట్టుకుని లిఫ్టులో దిగాను. మైక్రోవేవ్ దగ్గర నాలాగే ఇంకో ఇద్దరు తల్లులు బాటిళ్ళు పట్టుకుని నిలబడి ఉన్నారు.

అయినా నా ఓటు పాప్ సెంచురీకే. స్కైలైనర్ అనే తీగ మీద బండి హోటల్ ముందు నుంచే బయల్దేరి, మధ్యలో ఒకచోట మారితే ఎప్‌కాట్ పార్కుకో, హాలీవుడ్ స్టూడియోస్ పార్కుకో తీసుకెళ్తుంది. స్ట్రోలర్ (పాపను కూర్చోబెట్టి తోసే బండి) మడవకుండానే తోసుకుని ఎక్కొచ్చు. పాప అందులోనే నిద్రపోయేది. దానికి ఏసీ లేదు, ఉరుములొస్తే ఆపేస్తారు, కాబట్టి వేసవిలో వెళ్ళేవాళ్ళు దీన్నే నమ్ముకోవద్దు. మ్యాజిక్ కింగ్‌డమ్‌కూ, యానిమల్ కింగ్‌డమ్‌కూ హోటల్ బస్సే. మాకు స్ట్రోలర్ మడిచి, పాపను చంకనేసుకుని ఎక్కాల్సి వచ్చింది. వంటిల్లు లేదని అత్తమ్మ రెండు రోజులు అలిగారు. మధ్యాహ్నం ఒంటిగంటకు పార్కులో బయల్దేరి రెండింటికల్లా పాపను క్రిబ్‌లో వేసి, నాలుగింటికి మళ్ళీ అందరం తాజాగా బయల్దేరిన రోజున మాత్రం ఆవిడే అన్నారు, "ఇది నయం" అని.

స్ట్రోలర్ గురించి. పార్కుల్లో అద్దెకిచ్చేవి గట్టి ప్లాస్టిక్ బండ్లు, వెనక్కి వాలవు, కాస్త పెద్ద పిల్లలకు సరిపోతాయి. అందుకని బయటి అద్దెవాళ్ళ దగ్గర మంచిదే కుదుర్చుకున్నామనుకున్నాం. రెండో రోజుకే ముందు చక్రం పక్కకు తిరిగి బిగుసుకుపోయింది. మార్చమంటే మర్నాడన్నారు. వాలే స్ట్రోలర్ ఇంట్లో ఉంటే అదే తీసుకెళ్ళండి. 31 అంగుళాల వెడల్పు, 52 అంగుళాల పొడవు దాటకూడదు, లాగుడు బండ్లు రానివ్వరు. రైడ్ దగ్గర వదిలిన బండిని సిబ్బంది వరసలో సర్దుతారు, బయటికొచ్చాక పెట్టినచోట ఉండదు. వంద నల్ల స్ట్రోలర్లలో మనది ఏదో తెలియడానికి అత్తమ్మ తన ఎర్ర జాకెట్ పీలిక ఒకటి హ్యాండిల్‌కు కట్టారు. అంత పనికొచ్చిన వస్తువు ఆ ట్రిప్‌లో ఇంకోటి లేదు.

నాలుగు పార్కుల్లోనూ బేబీ కేర్ సెంటర్ ఉంటుంది, ఉచితం. మ్యాజిక్ కింగ్‌డమ్‌లోది మెయిన్ స్ట్రీట్ చివర, క్రిస్టల్ ప్యాలెస్ పక్కన, ఫస్ట్ ఎయిడ్‌కు ఆనుకుని ఉంది. పాలివ్వడానికి మసక వెలుతురు గది, ఊగే కుర్చీలు, డైపర్ మార్చే బల్లలు, పిల్లలను కూర్చోబెట్టే ఎత్తు కుర్చీలు, మైక్రోవేవ్, సింక్. డైపర్లూ పాలపొడీ అయిపోతే అక్కడే కొనుక్కోవచ్చు. పిల్లల తిండి గేటు దగ్గర ఆపరు, మామూలుగా గాజు సామాను కుదరదు కానీ పిల్లల తిండి సీసాలకు మినహాయింపు ఉంది.

మొదటిసారి వెళ్ళినప్పుడు పాప బుగ్గ మీది దిష్టిచుక్క చెమటకు కారి గడ్డం దాకా వచ్చింది. అక్కడున్న పెద్దావిడ దెబ్బ తగిలిందనుకుని, ఫస్ట్ ఎయిడ్ పక్క తలుపేనని కంగారుగా చూపించింది. కంగారులో నాకు వేరే మాట తట్టక "ఐలైనర్" అన్నాను. ఆవిడ పాపకేసి, నాకేసి చూసి, తడి వైప్ ఒకటి చేతిలో పెట్టి ఊరుకుంది. అత్తమ్మ అది తుడిచేసి, తుడవడం ఆలస్యం, సంచిలోంచి కాటుక డబ్బా తీసి మళ్ళీ పెట్టారు. ఈసారి అరికాల్లో.

ఆ మెయిన్ స్ట్రీట్‌లోనే హార్మొనీ బార్బర్ షాప్ అని ఒక మంగలి షాపు ఉంది. పిల్లలకు మొదటి జుట్టు కత్తిరింపు అక్కడ చేయిస్తారు. గుర్తుగా సర్టిఫికెట్, మిక్కీ చెవుల టోపీ. మేము చూస్తుండగా ఒక బుడ్డోడు కుర్చీలో కూర్చుని ఏడుస్తున్నాడు, వాళ్ళ నాన్న ఫోన్‌లో వీడియో తీస్తున్నాడు. రెండు కత్తెర్లు పడ్డాయో లేదో, రాలిన జుట్టు కొంచెం పొట్లంలో వేసి చేతికిచ్చారు. నేను అత్తమ్మకు విషయం చెప్పాను.

"పుట్టెంటికలా? ఎలుకకు ఇస్తారా?" అన్నారు గట్టిగానే.

"ఎవరికీ ఇవ్వరత్తా. ఇంటికే తీసుకుపోతారు."

"మరి గుండు?"

"గుండు చేయరు."

"గుండు చేయనిదానికి సర్టిఫికెట్ కూడానా!" అని, పాప తల మీద చెయ్యి వేసుకుని ముందుకు నడిచారు. కదిరి నరసింహస్వామికి మొక్కుంది మాకు. ఆ షాపు ముందు ఇంకోసారి ఆగనివ్వలేదు.

పాపతో ఎక్కగలిగినవి మ్యాజిక్ కింగ్‌డమ్‌లోనే ఎక్కువ. డంబో, పీటర్ పాన్, స్మాల్ వరల్డ్ పడవ, రంగులరాట్నం, వీటికి ఎత్తు నిబంధన లేదు. నాకు బాగా నచ్చింది మాత్రం కారొసెల్ ఆఫ్ ప్రోగ్రెస్. 1964లో న్యూయార్క్ వరల్డ్స్ ఫెయిర్ కోసం చేసిన పాతకాలపు బొమ్మల ప్రదర్శన. చీకటి, ఏసీ, ఇరవై నిమిషాల పైన, మనం కూర్చున్న వరసలే మెల్లగా తిరుగుతాయి. పాపా, అత్తమ్మా ఇద్దరూ నిద్రపోయారు. పెద్దాడు మాత్రం ఇదేం రైడు అన్నట్టు మా అందరినీ చూశాడు. రాత్రి బాణసంచాకు పాప చెవులకు మఫ్స్ పెట్టి, కోట ముందు జనంలో కాకుండా సరస్సు అవతల ఫెర్రీ రేవు దగ్గర నిలబడి చూశాం. దూరం నుంచి కూడా బాగుంది, చప్పుడు సగమే.

హాలీవుడ్ స్టూడియోస్ పెద్దాడి కోసం. పాపకు అక్కడ పెద్దగా ఏమీ లేదు. ఆ రోజు అత్తమ్మ మోకాళ్ళు నొప్పులని గదిలో ఉండిపోయారు, రైడర్ స్విచ్, అంటే ఒకరు బిడ్డ దగ్గర ఉంటే ఇంకొకరు ఎక్కి వచ్చే పద్ధతి, ఉపయోగపడింది. 38 అంగుళాలు ఉంటేనే ఎక్కనిచ్చే స్లింకీ డాగ్ డాష్ అనే రైడ్ దగ్గర, ముందే సిబ్బందికి పాపను చూపించి చెప్పాలి. మావారూ పెద్దాడూ గంటకు పైగా లైనులో నిలబడి ఎక్కి వచ్చారు. తర్వాత నేను పొట్టి లైనులోంచి వెళ్ళాను. నాకు తోడుగా పెద్దాడు రెండోసారి ఎక్కాడు, అదనపు డబ్బు లేకుండా. సాయంత్రం ఇది చెబితే అత్తమ్మ, "తిరుమలలో చంటిబిడ్డ తల్లిదండ్రులను సుపథంలో పంపినట్టే కదా" అన్నారు. సరిగ్గా అంతే.

యానిమల్ కింగ్‌డమ్‌కు పొద్దున్నే వెళ్ళాలి, జంతువులు అప్పుడే చురుగ్గా తిరుగుతాయి. కిలిమంజారో సఫారీస్‌కు ఎత్తు నిబంధన లేదు. 110 ఎకరాల్లో తిప్పే ట్రక్కు బాగా కుదుపుతుంది, పాపను రెండు చేతులా పట్టుకోవాలి. జిరాఫీని పాప చూడలేదు. ముందు సీటావిడ జడ చూసింది, లాగింది కూడా. ఆసియా భాగంలో వాళ్ళు కల్పించిన రాజ్యం పేరు ఆనందపూర్. బోర్డు చదివి చెప్పగానే అత్తమ్మ ఆగిపోయారు. "అనంతపూరా?" కాదని చెప్పినా, పాడుబడ్డ కోట గోడలూ, వాటి మధ్య పులులూ చూస్తూ, "మా పెనుగొండ కోటను కూడా ఇట్ల పెట్టుకుంటే ఎంత బాగుండు" అని అక్కడే పావుగంట కూర్చున్నారు.

ఆ రోజు రాత్రి భోజనం యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్‌లో సనా అనే హోటల్‌లో. ఆఫ్రికా వంటకు మన రుచులు కలిపి చేస్తారు. నాన్‌ల పళ్ళెం తొమ్మిది రకాల పచ్చళ్ళతో, చట్నీలతో వస్తుంది. కిటికీ అవతల జీబ్రాలు. చీకటి పడకముందే వెళ్ళండి, లేకపోతే కిటికీలో మన ముఖాలే కనిపిస్తాయి. ముందే బుక్ చేసుకోవాలి. ఐదు రోజుల్లో అత్తమ్మ కడుపునిండా తిన్నది అక్కడే. పాపకు నాన్ ముక్క చేతికిస్తే ముప్పావుగంట చప్పరించింది.

ఎప్‌కాట్‌లో నడక ఎక్కువ. సరస్సు చుట్టూ పదకొండు దేశాల మండపాలు, చుట్టివస్తే మైలు పైనే. మేము సగంలో వెనక్కి తిరిగాం. లివింగ్ విత్ ద ల్యాండ్ అనే పడవ రైడ్ మాత్రం వదలొద్దు. మట్టి లేకుండా, గాలిలో వేలాడే వేళ్ళకు నీళ్ళు చిమ్మి కూరగాయలు పండించే గ్రీన్‌హౌస్‌ల గుండా పోతుంది. వాన రాక వేరుశనగ ఎండిపోయిన చేలు ఎన్నో చూసిన మనిషి కదా, అత్తమ్మ రెండోసారి ఎక్కుదామన్నారు. మూడోసారి కూడా అడిగారు, కానీ పాపకు డైపర్ మార్చే వేళయింది.

ఫిబ్రవరిలో ఇండియా వెళ్ళినప్పుడు, పదకొండో నెలలో, కదిరిలో పాపకు పుట్టువెంట్రుకలు తీయించాం. మేనమామ ఒళ్ళో కూర్చుని గుండు పూర్తయ్యేదాకా ఏడ్చింది. తల మీద గంధం రాస్తుంటే పెద్దాడు మంగలాయన దగ్గరికి వెళ్ళి, వాడి వచ్చీ రాని తెలుగులో, చెవుల టోపీ ఎప్పుడిస్తారని అడిగాడు.