మిద్దె మీది నిలువు గాలిమరకి బేరింగులు: నాలుగేళ్లు వాడినాక చెప్తున్నా

మాది ఉరవకొండ పక్క పల్లె. చుట్టూ గుట్టల మీద కంపెనీ గాలిమరలు తిరుగుతానే ఉంటాయి, ఆషాఢం గాలికి మిద్దె మీద ఆరేసిన పంచె ఎవరింట్లో పడిందో వెతుక్కోవాల్సిందే. అట్లాంటి చోట ఉండి మనమూ ఒకటి చేసుకోకపోతే ఎట్లా అని నాలుగేళ్ల కింద 200 లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ముని నిలువునా రెండుగా కోసి, ఆ సగాలే రెక్కలుగా నిలువు షాఫ్టు చుట్టూ తిరిగే సావోనియస్ మోడల్ కట్టినా. షాఫ్టు 25 ఎంఎం బ్రైట్ బార్ (నున్నటి ఇనుప కడ్డీ), డ్రమ్ము ముక్కలు, ప్లేట్లు, బోల్టులు అన్నీ కలిపి 18 కిలోలు. కరెంటు బిల్లు తగ్గుతాదని మాత్రం ఎవరూ ఆశ పెట్టుకోవద్దు, సెకనుకి 8 మీటర్ల గాలి కొట్టినా 30 వాట్లు వస్తే గొప్ప. మాకు ఎనుముల కొట్టంలో రెండు బల్బులు, ఫోన్ ఛార్జింగ్, అంతే. నన్ను ఏడిపించింది రెక్కలూ కాదు, జనరేటరూ కాదు, బేరింగులు.

మొదటిసారి అందరిలాగే బరువు గురించి భయపడినా. 18 కిలోలు నిలువుగా కూర్చుంటాది కదా, నిలువు బరువు మోసే థ్రస్ట్ బేరింగ్ లేకుంటే ఎట్లా అని 51105 నంబరుది ఒకటి తెచ్చి కింద పెట్టినా, దాని పైన రెండు 6205 జెడ్‌జెడ్, అంటే మామూలు బాల్ బేరింగులు. ఆ భయం ఉత్తదే. 6205 కి కేటలాగులో స్టాటిక్ లోడు (నిలబడి మోయగలిగే బరువు) 7.8 కిలోన్యూటన్లు, అంటే ఇంచుమించు 800 కిలోలు. మామూలు బాల్ బేరింగే అయినా నిలువు బరువు అందులో సగం దాకా మోస్తాది, దానికి మన డ్రమ్ము ఒక లెక్కా? పైగా థ్రస్ట్ బేరింగుకి సీలుండదు, పక్క లోడు పనికిరాదు, సీటు కొంచెం వంకరున్నా ఒక పక్కే అరుగుతాది. మొదటి వానకే అందులో నీళ్లు నిలిచినాయి. తీసి పారేసినా.

ఇంకో తప్పు, రెండు బేరింగులూ డ్రమ్ము కిందనే, 150 ఎంఎం దూరంలో పెట్టడం. పెద్ద గాలి కొడితే డ్రమ్ము మీద పడే తోపుడు 13 కిలోల దాకా ఉంటాది, ఆ తోపుడు పై బేరింగుకి అర మీటరు ఎత్తున పడితే ఆ బేరింగు మీద 55 కిలోలు దాటుతాది, ఎందుకంటే గడ్డపార మాదిరి ఎత్తుతాది కదా. దూరం రెండింతలు చేస్తే అదే 35 కి దిగుతాది. డ్రమ్ముకి పైనా కిందా చట్రం కట్టి ఒక్కో చివర ఒక్కో బేరింగు పెడితే చెరో ఆరేడు కిలోలు, అంతే. ఇది ముందే తెలిసుంటే ఒక చట్రం ఖర్చు మిగిలేది.

అయినా ఆ 55 కిలోలకి కూడా 6205 చావదు. మరి ఏడు నెలలకే ఎందుకు చచ్చింది? హౌసింగు, అంటే బేరింగు కూర్చునే గూడు, అని చెప్పి పైపు ముక్కకి వెల్డింగ్ కొట్టించి, ఆ వేడికి అది గుడ్డు మాదిరి అయితే, అందులోకి సుత్తితో బేరింగుని దిగ్గొట్టినా. షాఫ్టు మీదికి ఎక్కించేటప్పుడు కూడా బయటి రింగు మీదే కొట్టినా. ఆ దెబ్బ గుండ్ల మీదుగా లోపలి రింగుకి పోయి ట్రాకులో చిన్న చిన్న గుంటలు పడతాయి, కంటికి కనపడవు గానీ వేలితో తిప్పితే గర్ గర్ అని తెలుస్తాది. దానికి తోడు జెడ్‌జెడ్ అంటే రేకు మూత, దుమ్ముని కొంత ఆపుతాది, నీళ్లని ఆపదు. విప్పి చూస్తే లోపల గ్రీజు లేదు, తుప్పూ మట్టీ కలిసిన ఎర్రటి చింతపండు గుజ్జు ఉంది.

రెండోసారి చట్రం కట్టి యూసీఎఫ్ 205, అంటే హౌసింగుతో పాటే వచ్చే బేరింగులు, రెండు బిగించినా. ఒక్కోదానికి నాలుగు బోల్టులు, షాఫ్టుని పట్టుకునే రెండు గ్రబ్ స్క్రూలు (తల లేని చిన్న స్క్రూలు), అయిపోయింది. లేత్ అక్కర్లేదు, చట్రం కొంచెం వంకరున్నా లోపలి బేరింగు తనే సర్దుకుంటాది. లేత్ దొరకనోళ్లకి, మొదటిసారి చేసేవాళ్లకి నేను ఇదే చెప్తా. కానీ సీల్స్ గట్టివి. షాఫ్టుకి దారం చుట్టి, చివర క్యారీబ్యాగ్ కట్టి అందులో చెనిక్కాయలు పోసుకుంటా పోయినా, కిలో దగ్గరికొస్తే గానీ షాఫ్టు కదల్లేదు. పొద్దున పూట చిన్న గాలికి పక్కింటి జొన్నచేను ఊగుతాంటే మాది దేవుడి గుళ్లో ధ్వజస్తంభం మాదిరి నిలబడేది. 14 నెలలకి గ్రబ్ స్క్రూలు వదులై షాఫ్టు లోపల్లోపలే తిరిగి గీతలు పడింది. బేరింగులు మాత్రం బాగున్నాయి, వాటిని మా చిన్నాయన బోదగడ్డి మిషన్‌కి పట్టుకుపోయినాడు.

ఇప్పుడున్నది మూడోది, రెండేళ్లు దాటింది. పైనా కిందా 6205 టూఆర్‌ఎస్, అంటే రెండు పక్కలా రబ్బరు సీలు. చెనిక్కాయల పరీక్షలో పావుకిలో పైన కొంచెం. అనంతపురంలో లేత్ పట్టే అన్న దగ్గర రెండు హౌసింగులు చేయించినా. "యాందప్పా ఇది, బండి చక్రానికా?" అన్నాడు, గాలిమరకని చెప్తే నవ్వి, కొలతలు మాత్రం శ్రద్ధగా తీసినాడు. షాఫ్టు తిరుగుతాది కాబట్టి లోపలి రింగు షాఫ్టుకి బిర్రుగా ఉండాల, మైక్రోమీటర్‌లో 25.01 ఎంఎం వచ్చేట్టు కొత్త షాఫ్టు పట్టినాడు. హౌసింగు 52.02, వేలితో తోస్తే బేరింగు జారాల. కింది బేరింగుని రెండు పక్కలా సర్‌క్లిప్ (గాడిలో కూర్చునే స్ప్రింగు రింగు) వేసి కదలకుండా పట్టినా, బరువంతా దాని మీదే. పైదానికి బయటి రింగు పైకీ కిందికీ కొంచెం జారే వీలు వదిలినా. రెండూ బిగించేస్తే నట్టు బిగించేటప్పుడే ఒకదాన్నొకటి నొక్కుకుంటాయి, ఇంక గాలి అక్కర్లేదు అరగడానికి.

ఎక్కించిన తీరు చెప్తే మీరు నవ్వుతారు. మే నెల, ఒంటి గంట ఎండ, బేరింగుల్ని కవర్లోనే రేకుల మీద పెట్టినా, షాఫ్టు చివరని ఐసు ముక్కల గుడ్డతో చుట్టినా. అరగంటకి ముట్టుకుంటే చెయ్యి కాలేట్టుంది. రెండిటికీ మధ్య 50 డిగ్రీల తేడా వచ్చినా 25 ఎంఎం కన్నం దాదాపు 0.015 ఎంఎం వదులవుతాది, మనకి కావాల్సింది 0.01. చిన్న "టక్" అని దిగిపోయింది, సుత్తి ముట్టుకోలేదు. నూనెలో మరగబెట్టొద్దు, సీలు పాడై గ్రీజంతా పోతాది.

అన్నిటికంటే పనికొచ్చింది ఇరవై రూపాయల్లో అయ్యింది. పై బేరింగుకి మీద, షాఫ్టుకి పీవీసీ ఎండ్ క్యాప్ ఒకటి బోర్లించి ఎం-సీల్ పెట్టినా, గొడుగు మాదిరి షాఫ్టుతో పాటే తిరుగుతాది. కింది దానికి స్కూటర్ ట్యూబు ముక్క. ఇంత వరకు లోపలికి చుక్క నీళ్లు పోలేదు.

మధ్యలో ఒక జత డూప్లికేట్ కూడా తగిలింది, అంగడి పేరెందుకు గానీ, డబ్బా మీద అక్షరాలు చెదిరున్నాయి, సీలు మీద నంబరు గోటితో గీకితే ఊడొచ్చింది. వాపసు తీసుకోలేదు, ఇంట్లో పేపర్ వెయిటు అయింది. బిల్లిచ్చే డీలర్ దగ్గరే కొనండి.

ఇంకొకటి, పని లేదని తాడేసి కట్టి నెలల తరబడి వదలొద్దు. తిరక్కుండా గాలికి ఊరికే అదురుతాంటే గుండ్లు ఒకేచోట రాసుకుని గుంటలు పడతాయి. తప్పక ఆపాల్సొస్తే వారానికోసారి చేత్తో నాలుగు చుట్లు తిప్పుతా.

ఈ ఆషాఢంలో ఒకరోజు పైనుంచి టక్ టక్ అని సౌండు. ఇంకేముంది పోయిందిరా అనుకుని స్క్రూడ్రైవర్ కొన హౌసింగుకి ఆనించి పిడి చెవికి పెట్టి విన్నా, బేరింగులో సన్నటి జొయ్ అనే సౌండు తప్ప ఏం లేదు. వదులైంది డ్రమ్ము బోల్టు. అది బిగించి దిగినా. తెచ్చి పెట్టుకున్న రెండో జత ఇంకా డబ్బాలోనే ఉంది.