దెయ్యం కథా, ప్రేమ కథా?

కడపలో మే నెల రాత్రి కరెంటు పోతే, బండల నేల వేడి ఇంకా వీపుకు తగులుతుండగా, టార్చి వెలుగులో నేను చదివేది అతీంద్రియ రహస్య నవలే. యండమూరి ‘తులసిదళం’లో నన్ను కుదిపేసింది చేతబడి కాదు, బిడ్డ కళ్లముందే చిక్కిపోతుంటే ఏది నమ్మాలో తేలక నలిగిపోయే కన్నవాళ్ల అవస్థ. ఆ బాధ లేని దెయ్యం నన్ను భయపెట్టలేదు. ఆధారాలేవీ ముందు చూపకుండా, చివర్లో ఏ మాంత్రికుడో ఊడిపడి ముడి విప్పేస్తే మాత్రం ఒళ్లు మండుతుంది. పైగా రహస్యం తెలిసిపోయాక రెండోసారి చదవబుద్ధి కాదు.

ప్రేమ నవల ముగింపు మొదటి పేజీలోనే తెలుసు. అయినా మళ్లీ తెరుస్తాను. 1976లో సినిమాగా కూడా వచ్చిన యద్దనపూడి ‘సెక్రటరీ’లో నాకు గుర్తుండిపోయింది హీరో రాజశేఖరం హోదా కాదు, హీరోయిన్ జయంతి ఆత్మాభిమానం. ఇప్పటి ప్రేమ కథల్లోనూ అదే వెతుకుతాను. ఇంటి అద్దె, ఉద్యోగం, అలిగి ఎత్తని ఫోను, ఇవన్నీ ఉండాలి.

మొన్న అమ్మకు ఆపరేషన్ అయిన రాత్రి సంచిలో రెండూ ఉన్నాయి. ఆమె మంచం పక్కన కూర్చుని ప్రేమ నవలే తీశాను.